ఎవర్‌స్పేస్: కొనేముందు, ఆడేటప్పుడు, విసుగొచ్చినప్పుడు అడిగే ప్రశ్నలు

ఎవర్‌స్పేస్ 2017 మే నెలలో విడుదలైన అంతరిక్ష షూటర్. నేను చాలాకాలంగా ఆడుతున్నాను, తెలిసినవాళ్ళ చేత కూడా ఆడించాను. వాళ్ళు అడిగినవీ, మొదట్లో నాకే వచ్చినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కథ ముగింపు ఎక్కడా బయటపెట్టలేదు, నిశ్చింతగా చదవండి.

అసలు ఇది ఏ రకం ఆట?

పైకి చూస్తే షూటర్. ఒక చిన్న యుద్ధ షిప్ మీ చేతిలో ఉంటుంది. తేలుతున్న బండరాళ్ళ మధ్య నుంచి దూసుకుపోతూ శత్రువులను కాల్చాలి. లోపలికి వెళ్తే ఇంకో రెండు ఆటలున్నాయి. ఒకటి రోగ్‌లైక్: చనిపోతే ప్రయాణం మళ్ళీ మొదటి నుంచే. ఇంకొకటి సరుకుల లెక్క: ఇంధనం, ఖనిజం, తుక్కు ఇనుము, రిపేర్‌కు కావలసిన నానోబాట్లు దారిలో ఏరుకోవాలి. వాటితో ఆయుధాలు తయారుచేసుకోవాలి. ఏది ఇప్పుడు వాడాలి, ఏది దాచాలి అని లెక్కేసుకుంటూ పోవాలి.

ఈ మూడూ ఒకదానికొకటి ఆసరాగా నిలిచినప్పుడు దీన్ని మించిన ఆట లేదనిపిస్తుంది. ఒకదాని కాళ్ళకు ఒకటి అడ్డం పడినప్పుడు కంట్రోలర్ పక్కన పెట్టేయాలనిపిస్తుంది. కింద రాసిన జవాబుల్లో చాలావరకు ఈ రెండు సందర్భాల గురించే.

రోగ్‌లైక్ అంటే?

1980లో వచ్చిన రోగ్ అనే ఆట పేరు మీద పుట్టిన మాట. ఆడిన ప్రతిసారీ మ్యాప్ కొత్తగా తయారవుతుంది, చస్తే ఆట మొదటికి వస్తుంది. వైకుంఠపాళీ ఆడినవాళ్ళకు ఈ బాధ తెలిసే ఉంటుంది. పై వరుస దాకా వెళ్ళి, ఇంకో రెండు గళ్ళు దాటితే చాలు అనుకుంటుండగా పాము నోట్లో పడి కిందికి జారిపోతాం. ఎవర్‌స్పేస్‌లో పాము మింగినా చేతిలో కొంత మిగులుతుంది. అది మళ్ళీ ఆడటానికి సరిపోయేంత ఉంటుంది.

2012లో వచ్చిన ఎఫ్‌టీఎల్ ఆడినవాళ్ళకు ఇక్కడి మ్యాప్ చూడగానే ఆ ఆట గుర్తొస్తుంది. చుక్క నుంచి చుక్కకు జంప్ చేయడం, ప్రతి జంప్‌కూ ఇంధనం ఖర్చు కావడం, వెనక ఎవరో తరుముతుండటం, అన్నీ అలాగే ఉంటాయి. అయితే ఎఫ్‌టీఎల్‌లో షిప్‌ను పైనుంచి చూస్తూ ఆజ్ఞలిస్తాం. ఇక్కడ సీట్లో కూర్చుని మనమే నడపాలి. ఆ తేడా చాలా పెద్దది.

ఎవరు తయారు చేశారు?

జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఉన్న రాక్‌ఫిష్ గేమ్స్. ఈ సంస్థను 2014లో మైఖేల్ షాడే, క్రిస్టియన్ లోర్ మొదలుపెట్టారు. అంతకుముందు వాళ్ళు నడిపిన సంస్థ ఫిష్‌ల్యాబ్స్. ఆ పేరు తెలియకపోయినా గెలాక్సీ ఆన్ ఫైర్ పేరు కొందరికైనా గుర్తుండాలి. స్మార్ట్‌ఫోన్లు రాకముందు, బటన్ల ఫోన్లలో జావా గేములు ఎక్కించుకుని ఆడే రోజుల్లో, ఆ చిన్న తెర మీద త్రీడీ అంతరిక్షం చూపించిన ఆట అది. ఫిష్‌ల్యాబ్స్ 2013లో దివాలా తీసి చేతులు మారింది. వ్యవస్థాపకులు బయటికి వచ్చి పీసీ, కన్సోల్ ఆటల వైపు మళ్ళారు.

ఎవర్‌స్పేస్‌కు డబ్బు 2015లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్ ద్వారా వచ్చింది. అడిగింది 2,25,000 యూరోలు, జనం ఇచ్చింది 4,20,252. ఆటలు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్ 4 అనే సాఫ్ట్‌వేర్ మీద కట్టారు. 2016లో ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తి కాకముందే అమ్మకానికి పెట్టి, ఆడేవాళ్ళ మాట వింటూ మార్పులు చేశారు. ఇలాంటి ఆటకు ఆ పద్ధతి బాగా నప్పింది. కష్టం ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ చప్పగా ఉందో వందసార్లు చచ్చినవాళ్ళే చెప్పగలరు మరి.

అన్నిటికంటే బాగున్నదేమిటి?

షిప్ నడపడం. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

చాలా అంతరిక్ష ఆటల్లో మొదటి గంటంతా ఏ మీట ఏం చేస్తుందో నేర్చుకోవడానికే పోతుంది. ఇక్కడ ఐదు నిమిషాల్లో చెయ్యి కుదురుతుంది. ముందుకు వెనక్కి, పక్కలకు, పైకి కిందికి, ఎటైనా జరగొచ్చు, తిరగొచ్చు. పాడుబడ్డ ఓడ కడుపులోకి దూరి, అవతలి కన్నంలోంచి బయటపడి, వెంటపడ్డ శత్రువు రాయికి గుద్దుకునేలా చేయొచ్చు. అలా మొదటిసారి చేసినప్పుడు నా చేతులు వణికాయి. నిజమైన పైలట్ శిక్షణలా ఉండాలని వాళ్ళు ప్రయత్నించలేదు. ఆడేవాడికి తను మంచి పైలట్‌నని అనిపించాలి, అంతే. అది పూర్తిగా సాధించారు.

కాక్‌పిట్ లోపలి నుంచీ చూడొచ్చు, షిప్ వెనక నుంచీ చూడొచ్చు. పోరాటంలో వెనక నుంచి చూడటం తేలిక. కానీ ఒక్కసారైనా కాక్‌పిట్‌లో కూర్చుని, ముందు వెలిగే మబ్బులాంటి నెబ్యులాలోకి వెళ్ళండి. గెరో గోర్లిచ్ కట్టిన సంగీతం అక్కడ ఎంత పని చేస్తుందో అప్పుడు తెలుస్తుంది.

ఆయుధాల ఎంపిక కూడా మంచిదే. పల్స్ లేజర్ షిప్ చుట్టూ ఉండే షీల్డ్‌ను, అంటే రక్షణ కవచాన్ని, త్వరగా కరిగిస్తుంది, గాట్లింగ్ తుపాకి షిప్ బాడీని చీలుస్తుంది. కాబట్టి ఒక్కో శత్రువు మీద ముందు ఒకటి, తరవాత ఇంకొకటి. ఆ మార్పిడి రెండు మూడు రోజుల్లో మనకు తెలియకుండానే అలవాటైపోతుంది.

ఇంత టెన్షన్ ఎందుకు పెడుతుంది?

షీల్డ్ కాసేపు ఆగితే దానంతటదే నిండుతుంది. బాడీకి తగిలిన దెబ్బ మాత్రం నిండదు, నానోబాట్లు ఖర్చు పెట్టాల్సిందే. అవి ఎప్పుడూ చాలవు. మిసైళ్ళు లెక్కకు మించి ఉండవు. ఇంధనం చాలకపోయినా జంప్ చేయొచ్చు కానీ షిప్ దెబ్బతినే ప్రమాదం ఉంది. పోనీ ఇక్కడే ఉండి అన్నీ ఏరుకుందాం అంటే, ఎక్కువసేపు ఆగితే ఓక్కర్ అనే గ్రహాంతర జాతి సేనలు వచ్చి పడతాయి. మొదట్లో వాళ్ళను ఎదిరించి నిలవడం దాదాపు అసాధ్యం.

అంటే ప్రతి మజిలీలోనూ ఒకటే ప్రశ్న: ఇంకో పెట్టె తెరవనా, వెళ్ళిపోనా?

నాకు బాగా గుర్తున్న ప్రయాణం ఒకటి చెప్తాను. ప్రయాణాన్ని సెక్టర్లు అనే దశలుగా విడగొట్టారు. ఆరో సెక్టర్‌లో ఉన్నాను, అంత దూరం అదే మొదటిసారి. ఒక దెబ్బకు ప్రాణవాయువు అందించే వ్యవస్థ పాడైంది. ఆక్సిజన్ ఎంతసేపు వస్తుందో తెర మీద సెకన్లు తగ్గుతున్నాయి. దాన్ని బాగు చేయడానికి నానోబాట్లు లేవు. ఎదురుగా ఒక పాడైన ఓడ, దాని పక్కనే ఇద్దరు దొంగలు. పోరాడితే టైం చాలదు, వదిలేస్తే ఊపిరి ఆగిపోతుంది. చివరికి వాళ్ళను పట్టించుకోకుండా ఓడలోకి దూరి, అందిన పెట్టె తీసుకుని, బాగు చేసుకుని, మండుతున్న షిప్‌తోనే జంప్ కొట్టాను. తరవాతి మజిలీలో చనిపోయాను. అయినా ఆ నిమిషంన్నర లాంటిది నాకు ఇంకే ఆటలోనూ రాలేదు.

ఇది మూడు ఆటలు కలిస్తేనే పుడుతుంది. ఉత్త షూటర్ అయితే పెట్టె కోసం ప్రాణం పణం పెట్టనక్కర్లేదు. ఉత్త సరుకుల లెక్క అయితే ఓడ కన్నంలోంచి దూరే పని ఉండదు. చావుకు విలువ లేకపోతే చేతులు వణకవు.

చనిపోతే అంతా పోతుందా?

షిప్‌లో ఎక్కించుకున్న ఆయుధాలు, ఏరిన సరుకు పోతాయి. సంపాదించిన క్రెడిట్లు, దొరికిన బ్లూప్రింట్లు (వస్తువుల తయారీ నమూనాలు) మిగులుతాయి. క్రెడిట్లతో పైలట్ నైపుణ్యాలు, షిప్ బలం శాశ్వతంగా పెంచుకోవచ్చు, కొత్త షిప్‌లు తెరుచుకోవచ్చు. కొత్త ప్రయాణం మొదలుపెట్టే ముందు ఆ క్రెడిట్లను ఖర్చు చేసేయండి. మిగిలిన క్రెడిట్లు తరవాతి ప్రయాణానికి రావు. తెలియక చాలామంది పెద్ద అప్‌గ్రేడ్ కోసం దాచుకోవాలని చూసి పోగొట్టుకుంటారు.

మీరు నడిపే పైలట్ ఒక క్లోన్. అందుకే ఒకడు పోతే ఇంకొకడు లేస్తాడు. చావడం కూడా కథలో భాగమే కావడం నాకు చాలా నచ్చింది. చాలా రోగ్‌లైక్ ఆటల్లో మళ్ళీ ఎలా బతికామో ఎవరూ చెప్పరు.

మరి లోపాలు?

పెద్ద లోపం ఒకటుంది, మిగతావి దాని పిల్లలు.

ప్రతి ప్రయాణం మొదటి సెక్టర్ నుంచే మొదలవుతుంది. మొత్తం ఏడు సెక్టర్లు. మీరు ఇరవయ్యోసారి ఆడుతున్నా, షిప్ బాగా బలపడినా, మొదటి రెండు మూడు సెక్టర్లు దాటాల్సిందే. అక్కడ శత్రువులు మీకు పోటీ కాదు, కానీ సరుకు కావాలి కాబట్టి తొందరగా దాటేయడానికీ లేదు. ప్రతి రాయి వెనకా వెతకాలి, ప్రతి పెట్టె తెరవాలి. దూసుకుపోవడం కోసం తయారైన షిప్‌తో బియ్యంలో రాళ్ళు ఏరినట్టు మెల్లగా తిరగాలి. షూటర్‌గా ఆట నన్ను పరుగెత్తమంటుంది, సరుకుల లెక్కగా ఆగమంటుంది. నాలుగో సెక్టర్ తరవాత ఈ రెండూ కలిసి టెన్షన్ పుట్టిస్తాయి. మొదటి రెండింట్లో విసుగు పుట్టిస్తాయి.

మ్యాప్ ప్రతిసారీ కొత్తగా తయారవుతుందన్నాను కదా. నిజమే, కానీ వాటిలో వాడే ముక్కలు అవే. అదే రకం పాడు ఓడ, అదే రకం గని, అదే స్టేషన్. రంగులు మారతాయి, రాళ్ళ అమరిక మారుతుంది. పదిహేను ఇరవై గంటలు ఆడాక, లోపలికి అడుగుపెట్టగానే ఎక్కడ ఏముందో ఊహించేయొచ్చు. మొదటి రోజు నెబ్యులా చూసి ఆగిపోయిన కన్ను అప్పటికి ఖనిజం గుర్తుల వెంట మాత్రమే తిరుగుతుంది. అంత అందమైన ఆటలో అందం కనిపించకుండా పోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

శత్రువులతో కూడా ఇదే ఇబ్బంది. సంఖ్య, బలం పెరిగినంతగా తీరు మారదు. చివరి సెక్టర్లలో కొన్నిచోట్ల జంప్‌ను ఆపే యంత్రం ఉంటుంది, దాన్ని పగలగొడితేనే బయటపడగలం. ఇలాంటివి ఇంకా ఎక్కువ ఉండి, ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేది.

అదృష్టం మీదే ఆధారపడి ఉందా?

కొంతవరకు. నానోబాట్లు దొరకని ప్రయాణం ఒకటి ఎదురైతే ఎంత నేర్పు ఉన్నా లాక్కురావడం కష్టం. అయితే మొదట్లో అదృష్టం అనుకున్న వాటిలో సగం తరవాత నా తప్పులేనని తెలిసింది. అనవసరంగా పోరాడటం, వ్యాపారి స్టేషన్ ఉన్న దారి వదిలి దగ్గరి దారిలో పోవడం, మిసైళ్ళను దాచుకుని దాచుకుని వాడకుండానే చావడం.

కథ ఎలా ఉంది?

ఆడమ్ రోస్లిన్ అనే పైలట్. తానెవరో అతనికే సరిగా గుర్తు లేదు. ముందుకు వెళ్ళేకొద్దీ పాత జ్ఞాపకాలు బొమ్మల కథలా, గీసిన చిత్రాలు కదులుతున్నట్టు కనిపిస్తాయి. హైవ్ అనే షిప్ కంప్యూటర్ పక్కనుంచి మాట్లాడుతూ ఉంటుంది. మనుషులకూ ఓక్కర్లకూ జరిగిన యుద్ధం, ఆ తరవాతి ఒప్పందం, ఎవరి సైన్యమూ ఉండకూడని క్లస్టర్ 34 అనే ప్రాంతం, ఇదంతా నేపథ్యం.

ఆలోచన బాగుంది. చెప్పే పద్ధతి దెబ్బతింది. జ్ఞాపకం ముక్క దొరికేది కొన్ని చోట్లే, అక్కడికి చేరేలోపు మీరు నాలుగుసార్లు చచ్చి ఉండొచ్చు. అంటే ఒక సన్నివేశానికీ ఇంకోదానికీ మధ్య మూడు నాలుగు సాయంత్రాలు గడిచిపోతాయి. ఎవరు ఎవరో మర్చిపోతాం. కథ కోసమే కొనాలనుకుంటే ఈ ఆట వద్దు.

ఏ షిప్‌తో ఆడాలి?

మొదట ఇచ్చే ఇంటర్‌సెప్టర్‌తోనే చాలాసేపు ఆడండి. అన్నిట్లోనూ మధ్యరకం, తప్పులను కొంత ఓర్చుకుంటుంది. స్కౌట్ వేగంగా పోతుంది, కనిపించకుండా మాయమవుతుంది, కానీ పలచన. గన్‌షిప్‌కు షీల్డ్ ఉండదు. అందుకు బదులుగా బాడీ దిట్టం, ఆయుధాలు ఎక్కువ.

షిప్ అప్‌గ్రేడ్లు ఏ షిప్‌వి ఆ షిప్‌కే. మొదట్లోనే మూడింటి మీదా క్రెడిట్లు చల్లితే ఏదీ ముందుకు కదలదు. ఒకదాన్ని నమ్ముకోండి.

నా మనసుకు దగ్గరైంది స్కౌట్. అందరూ గన్‌షిప్ తేలిక అంటారు. షీల్డ్ లేని షిప్‌లో ప్రతి చిన్న దెబ్బకూ నానోబాట్ల లెక్క వేయాల్సి వస్తే నాకు ఆట మీద ధ్యాస నిలవదు.

మూడో సెక్టర్ దాటలేకపోతున్నాను. ఏం చేయాలి?

అన్నిటికంటే ఎక్కువమంది నన్ను అడిగింది ఈ ప్రశ్నే. కొన్ని మాటలు చెప్తాను.

కనిపించిన ప్రతివాడితోనూ పోరాడకండి. జీ అండ్ బీ అనే గనుల కంపెనీ షిప్‌లు వాటి పని అవి చూసుకుంటాయి. వాటిని కాలిస్తే మాత్రం పగబడతాయి. గురి తప్పి ఒక గుండు వాటికి తగిలినా కొంపమునిగినట్టే.

రాగానే ముందు ఆగి చుట్టూ చూడండి. మ్యాప్ అంచున ఎవరున్నారో, ఎటు దూరొచ్చో చూసుకుని కదలండి. నలుగురు ఒకేసారి మీద పడితే ఖాళీలో నిలబడొద్దు, రాళ్ళ మధ్యకు లాక్కెళ్ళండి. ఒక్కొక్కరే వెంటపడతారు.

నానోబాట్లను బాడీ సగానికి తగ్గేదాకా వాడకుండా ఉండటం మొదట భయంగా ఉంటుంది, కానీ అలవాటు చేసుకోండి. ప్రాణవాయువు వ్యవస్థ పాడైతే మాత్రం ఒక్క క్షణం ఆలోచించొద్దు.

మిసైళ్ళు దాచిపెట్టుకోవద్దు. చచ్చాక వాటితో పని లేదు.

ఇంకో సంగతి. మొదటి ఐదారు ప్రయాణాల్లో చివరిదాకా చేరాలని అసలు అనుకోకండి. ఆట మిమ్మల్ని అప్పుడే గెలవనివ్వదు. క్రెడిట్లు పోగేసి, అప్‌గ్రేడ్ చేసి, మళ్ళీ బయల్దేరేలా దీన్ని కట్టారు. కొత్తవాళ్ళు ఇది తెలియక తమ చేతగానితనం అనుకుని వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్ళను చూస్తే నాకు మనసొప్పదు. ఈ విషయాన్ని మొదట్లోనే ఇంకాస్త గట్టిగా చెప్పకపోవడం ఆట తప్పే.

మౌసా, గేమ్‌ప్యాడా?

గురి కోసం మౌస్, హాయి కోసం గేమ్‌ప్యాడ్. రెండింటికీ ఆట బాగా కుదిరింది. జాయ్‌స్టిక్ కూడా పనిచేస్తుంది. పీసీలో వీఆర్ హెడ్‌సెట్ (కళ్ళకు తగిలించుకునే తెర)తో ఆడొచ్చు, కానీ ఆరు దిక్కులా తిరిగే ఆట కాబట్టి బస్సు ప్రయాణంలో కడుపులో తిప్పేవాళ్ళు కొంచెం జాగ్రత్త.

ఏయే మెషీన్లలో ఉంది?

పీసీ, ఎక్స్‌బాక్స్ వన్‌లలో 2017లో వచ్చింది. పీఎస్4కు, నింటెండో స్విచ్‌కు 2018లో వచ్చింది. స్విచ్‌లో చేతిలో పట్టుకుని ఆడటం సరదాగానే ఉంటుంది, కానీ చిత్రాల స్పష్టత తగ్గుతుంది. ఈ ఆట అందంలో సగం చిత్రాలే కాబట్టి వీలైతే పీసీలో ఆడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేని ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

తెలుగులో ఉందా?

లేదు. బడి ఇంగ్లీషు వస్తే ఆడటానికి సరిపోతుంది.

ఎన్‌కౌంటర్స్ అనే అదనపు భాగం కొనాలా?

అది 2017 చివర్లో వచ్చింది. కొత్త మనుషులు, వాళ్ళిచ్చే పనులు, కొత్త ఆయుధాలు, సెంటినెల్ అనే నాలుగో షిప్ ఇందులో ఉన్నాయి. నేను పైన చెప్పిన పెద్ద లోపానికి ఇది సగం మందు. మొదటి సెక్టర్లలో సరుకు ఏరడమే కాకుండా ఇంకో పని దొరుకుతుంది. ఒక స్టేషన్‌లో కలిసినవాడు తరవాతి ప్రయాణంలో మళ్ళీ ఎదురైనప్పుడు ఆ లోకం కాస్త నిజమనిపిస్తుంది. ఆట నచ్చి పది గంటలు దాటినవాళ్ళు తప్పక తీసుకోండి. ఇంకా మొదలుపెట్టనివాళ్ళకు తొందరేం లేదు.

నేరుగా ఎవర్‌స్పేస్ 2 ఆడకూడదా?

ఆడొచ్చు, కానీ అది వేరే ఆట. 2021లో ఎర్లీ యాక్సెస్‌కు వచ్చి, 2023 ఏప్రిల్‌లో పూర్తిగా విడుదలైంది. అందులో రోగ్‌లైక్ తీసేశారు. తెరిచి ఉన్న లోకం, పెరిగే లెవెల్స్, రకరకాల షిప్‌లు, ఏరుకోవడానికి లెక్కలేనన్ని ఆయుధాలు. చనిపోతే ప్రయాణమంతా మొదటికి రాదు. కథ వరసగా నడుస్తుంది కాబట్టి ఆడమ్ గురించి అక్కడ నిజంగా పట్టించుకుంటాం. షిప్ నడపడం ఇంకా నునుపుగా ఉంది.

పోయిందేమిటంటే ఆ వణుకు. ఎవర్‌స్పేస్ 2లో నాకు ఇష్టమైన గంటలు చాలా ఉన్నాయి, ఆరో సెక్టర్‌లో ఆక్సిజన్ అయిపోతున్న ఆ నిమిషంన్నర లాంటిది మాత్రం ఒక్కటీ లేదు. సామాన్ల పెట్టెలో ఏ తుపాకి మంచిదో పోల్చుకుంటూ కూర్చునే సమయం కూడా అక్కడ బాగా పెరిగింది. రోజంతా పని చేసి వచ్చి హాయిగా ఆడుకోవాలంటే రెండోది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడాలంటే మొదటిది.

ఎవరు కొనకూడదు?

ఓడిపోయి మళ్ళీ మొదలుపెట్టడం అంటే ఒళ్ళు మండేవాళ్ళు. కథ కోసం ఆడేవాళ్ళు. స్నేహితులతో కలిసి ఆడాలనుకునేవాళ్ళు కూడా కొనొద్దు, ఇది ఒక్కరే ఆడే ఆట.

ఒకసారి పూర్తి చేశాక ఇంకా ఆడటానికి ఏముంటుంది?

కష్టం స్థాయి పెంచి ఆడొచ్చు. శాశ్వత అప్‌గ్రేడ్ల ఆసరా లేకుండా ఆడే హార్డ్‌కోర్ పద్ధతి కూడా తరవాత కలిపారు. నేను ఇప్పుడు నెలకు ఒకటి రెండుసార్లు స్కౌట్ తీసుకుని బయల్దేరుతాను. మొదటి రెండు సెక్టర్లు ఇప్పటికీ విసిగిస్తాయి. ఆ సమయంలో కాక్‌పిట్ వ్యూ పెట్టుకుని, ఏరడం తగ్గించి, కాస్త చుట్టూ చూస్తూ పోతాను. సరుకు తక్కువ దొరుకుతుంది, అయిదో సెక్టర్‌లో దానికి మూల్యం చెల్లిస్తాను. అయినా నాకు అలాగే బాగుంది.